పెద్ద అడ్వెంచర్ బైక్ కొంటున్నారా? ముందు బరువు సంగతి చూసుకోండి

రోడ్డు మీద వంద స్పీడులో పోతుంటే ఎంత బరువున్న బండైనా తేలిగ్గానే ఉంటుంది. దాని అసలు సంగతి బయటపడేది ఆగినప్పుడే. వాలులో గులకరాళ్ల మీద కాలు పెట్టాలి, వెనక సీట్లో మనిషి, పక్కన నిండు పెట్టెలు, పైగా యూటర్న్ తీసుకోవాలి. అందుకే దూరప్రయాణాలకు బండి చూసేటప్పుడు హార్స్‌పవర్ జోలికి తర్వాత వెళ్లండి.

బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ అడ్వెంచర్‌నే తీసుకుందాం. ట్యాంకు నింపితే 268 కిలోలు. ట్యాంకు 30 లీటర్లు కాబట్టి పెట్రోలే సుమారు 22 కిలోలు, అదీ బండి పైభాగంలో. మొత్తం 485 కిలోలు దాటకూడదని కంపెనీ లెక్క. అంటే మనుషులకూ సామానుకూ మిగిలేది 217 కిలోలు. హెల్మెట్, జాకెట్ లాంటి రైడింగ్ గేర్‌తో కలిపి ఇద్దరూ 175 తూగితే ఇంకెంత మిగిలింది? ఖాళీ పెట్టెలు, వాటి ఫ్రేములు కూడా అందులోంచే పోవాలి. ఈ లెక్క కాగితం మీద వేయకుండా డబ్బు కట్టకండి.

సీటు మీద మామూలు చెప్పులతో కాదు, రైడింగ్ బూట్లతో కూర్చుని చూడండి. వీలైతే వెనక మనిషిని కూడా ఎక్కించుకోండి. కనీసం ఒక పాదం పూర్తిగా నేలకు ఆనాలి. ఎత్తు తగ్గించడానికి సస్పెన్షన్ దించేస్తామంటే ఒప్పుకోకండి, గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకీ నేలకీ మధ్య ఉండే ఖాళీ, పోతుంది. తక్కువ ఎత్తు సీటు దొరికితే అదే మేలు.

పడిన బండిని ఒంటరిగా లేపగలరా? బండి పడకుండా ఎవరూ తిరగరు, ఇందులో మొహమాటం ఎందుకు. ముందు ఇంజిన్ ఆపి గేర్‌లో పెట్టండి. కుడివైపు పడితే సైడ్ స్టాండ్ ముందే కిందికి దించి ఉంచాలి, లేదంటే లేపాక ఎడమవైపు పడిపోతుంది. బండికి వీపు ఆనించి గొంతుక్కూర్చోండి. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక ఫ్రేము పట్టుకుని, నడుముతో కాకుండా కాళ్లతో తోస్తూ వెనక్కి అడుగులేయండి. తెలిసినవాళ్ల బండి మీద, పక్కన మనిషి ఉండగా ప్రయత్నించి చూడండి. రాకపోతే ఒక సైజు చిన్న బండి చూసుకోండి, తప్పేం లేదు.

చక్రాల విషయం కూడా అడిగి తెలుసుకోవాలి. స్పోక్ చక్రాల్లో కొన్నింటికి ట్యూబ్ ఉంటుంది, పంక్చరైతే చక్రం ఊడదీయక తప్పదు. ట్యూబ్‌లెస్ అయితే పైనుంచే ప్లగ్ వేసి గాలి కొట్టుకోవచ్చు. చైన్ బండికి తరచూ ఆయిల్, టెన్షన్ చూసుకునే ఓపిక కావాలి. చైన్ బదులు ఇనుప కడ్డీతో వెనక చక్రాన్ని తిప్పే షాఫ్ట్‌ బండికి ఆ గోల లేదు గానీ బరువు ఎక్కువ.

కొన్నాక వెంటనే పెద్ద ట్రిప్ పెట్టుకోకండి. మొదటి సర్వీసు అయ్యాక, పూర్తి సామానుతో ఒక రోజు తిరిగి రండి. బయల్దేరే ముందు వెనక ప్రీలోడ్ (సస్పెన్షన్ స్ప్రింగ్ బిగింపు) పెంచి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే మాన్యువల్‌లో ఫుల్ లోడ్‌కి చెప్పినంత గాలి పెట్టండి.