స్థిరపడిన దేశం తరఫున టేబుల్ టెన్నిస్ ఆడాలంటే: తిరుపతి తల్లిదండ్రులకు ఒక మార్గదర్శి

వేసవి సెలవుల్లో అమెరికా, సింగపూర్, జర్మనీల నుంచి వచ్చే మన పిల్లలు కొండకు వెళ్లివచ్చి, గుండు మీది చందనం ఆరకముందే సాయంత్రానికి మా ప్రాక్టీసు హాలుకు చేరుతారు. ఆ మధ్య పదమూడేళ్ల కుర్రవాడొకడు టేబుల్ అవతలి అంచున పోస్టుకార్డు పెట్టి, పది సర్వీసుల్లో ఏడింటిని దాని మీదే వేశాడు. ‘సార్, వీడు అక్కడి జట్టుకు ఆడాలంటే ఏం చేయాలి?’ అని వాళ్ల నాన్న అడిగారు. ముందుగా చూడవలసింది బ్యాటును కాదు, పాస్‌పోర్టును అని చెప్పాను.

1955 నాటి పౌరసత్వ చట్టంలోని తొమ్మిదో సెక్షన్ ప్రకారం, మరో దేశపు పౌరసత్వాన్ని స్వచ్ఛందంగా తీసుకున్నవారు భారత పౌరసత్వాన్ని కోల్పోతారు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు రాకపోకలకు, నివాసానికి ఉపయోగపడుతుందే తప్ప అది పౌరసత్వం కాదు. అందువల్ల ఈ నిర్ణయాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని, పిల్లవాడి మనసు కూడా తెలుసుకుని తీసుకోవాలి.

నిర్ణయం ఖాయమైతే ఇక ఆలస్యం చేయకూడదు. అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య 2008లో అమలుచేసిన నియమం ప్రకారం, కొత్త దేశం తరఫున ప్రపంచ స్థాయి టైటిల్ పోటీల్లో ఆడడానికి ఆ దేశపు ఆటగాడిగా సమాఖ్య వద్ద నమోదైననాటికి 15 ఏళ్లు నిండనివారు 3 ఏళ్లు, 18 నిండనివారు 5 ఏళ్లు, 21 నిండనివారు 7 ఏళ్లు ఆగవలసి ఉండేది. 21 దాటినవారికి ఆ అవకాశమే ఉండేది కాదు. ఇటువంటి అంకెలను సమాఖ్య సవరిస్తూ ఉంటుంది కనుక దరఖాస్తు చేసేనాటి నియమావళిని తప్పక చదవాలి. అయితే చిన్న వయసులో నమోదైనవారికి నిరీక్షణ తక్కువ అన్న మూలసూత్రాన్ని మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. పదిహేనో పుట్టినరోజుకు నెల ముందు చేసిన నమోదుకూ, నెల తరువాత చేసిన నమోదుకూ మధ్య ఆ నియమం కింద రెండేళ్ల తేడా ఉండేది. ఆటగాడి వయసులో రెండేళ్లు చాలా పెద్ద కాలం.

ఒలింపిక్స్ లెక్క వేరు. పాత దేశం తరఫున ఒలింపిక్స్‌లోగానీ, ఖండస్థాయి, ప్రపంచస్థాయి పోటీల్లోగానీ ఆడినవారు చివరిసారి ఆడిన తేదీ నుంచి 3 ఏళ్లు ఆగాలని ఒలింపిక్ చార్టర్ చెబుతుంది. సంబంధిత జాతీయ ఒలింపిక్ కమిటీలు, అంతర్జాతీయ సమాఖ్య అంగీకరిస్తే ఆ గడువును తగ్గించవచ్చు. కాబట్టి దేశం మారే ఆలోచన ఉన్న కుటుంబం భారత జట్టు పిలుపును సరదాగా ఒప్పుకోకూడదు. ఆ ఒక్క మ్యాచ్ మూడేళ్లను తినేయవచ్చు.

కాగితాల్లో మనవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇంటిపేరు. జనన ధ్రువపత్రంలో పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, బడి రికార్డులో చివరన ఉంటే, అది ఒకే బిడ్డ పేరని విదేశీ అధికారికి తోచదు. తిరుపతికి వచ్చినప్పుడే నగరపాలక సంస్థలో పేరును సరిచేయించి, పత్రం అసలైనదేనని విదేశాలకు ధ్రువీకరించే విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించుకోవడం మేలు.

నిరీక్షణ కాలం వృథా కానక్కరలేదు. మన టేబుల్ టెన్నిస్ క్రీడాకారుడు శరత్ కమల్ భారత్‌కు ఆడుతూనే జర్మనీ క్లబ్బు లీగులో రాటుదేలారు. క్లబ్బు మ్యాచ్‌లకు ఈ గడువులు వర్తించవు. చైనాలో పుట్టిన క్రీడాకారిణి ఫెంగ్ తియాన్‌వే 2007లో సింగపూర్ చేరి, 2008 జనవరిలో పౌరసత్వం పొంది, అదే ఏడాది బీజింగ్‌లో జట్టు రజతంలో భాగమయ్యారు. సింగపూర్‌కు అది 48 ఏళ్ల తరువాత దక్కిన ఒలింపిక్ పతకం.

అన్ని దారులూ అంత వేగంగా సాగవు. 1983లో చైనాకు ప్రపంచ టైటిళ్లు గెలిచిన ని షియాలియన్ లక్సెంబర్గ్‌లో స్థిరపడి, ఆ దేశం తరఫున తొలిసారి ఒలింపిక్స్ ఆడింది 2000లో. బ్యాటును కలంలా పట్టుకునే ఎడమచేతి పెన్‌హోల్డ్ పట్టుతో, పొడవాటి పింపుల్స్ (బొడిపెలు) ఉన్న రబ్బరుతో ప్రత్యర్థి వేగాన్నే తిప్పికొట్టే ఆ తీరుతో, 61 ఏళ్ల వయసులో 2024 పారిస్‌లో ఆమె తొలి రౌండు గెలిచారు. ఆ మ్యాచ్‌ను ఆ కుర్రవాడికి నా ఫోనులో చూపించాను. వాడు పోస్టుకార్డును ఇంకాస్త అంచుకు జరిపి మళ్లీ సర్వీసు మొదలుపెట్టాడు.