బొమ్మ మీద తెలుపు సున్నం కొట్టినట్టు వస్తుంటే

28 మిల్లీమీటర్ల బొమ్మకు యాక్రిలిక్ రంగుతో తెల్ల అంగీ వేస్తే సున్నం కొట్టిన గోడలా పొడిపొడిగా, గరుకుగా వచ్చేది. తప్పు రంగుది కాదు, వేసిన వరసది. నల్ల ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసే తొలిపూత) మీద నేరుగా తెలుపు వేస్తే కింది నలుపు కనబడుతూనే ఉంటుంది. దాన్ని కప్పేద్దామని చిక్కగా పూస్తే మడతలు పూడుకుపోతాయి.

ఇప్పుడు లేత బూడిద ప్రైమర్‌తో మొదలుపెడుతున్నాను. స్ప్రే డబ్బాను 20–25 సెంటీమీటర్ల దూరంలో పట్టాలి. మరీ దూరమైతే తుంపర గాల్లోనే ఆరి ఇసుకలా అంటుకుంటుంది. దాని మీద తెలుపుకి దగ్గరగా ఉండే బూడిద రంగు, చుక్క రంగుకు చుక్క నీళ్లు, మూడు పల్చటి పూతలు. పూతకీ పూతకీ మధ్య పావుగంట ఆగాలి. సగం ఆరిన చోట కుంచె మళ్లీ తగిలితే పూత చిరిగి కింది రంగు బయటపడుతుంది. తెలుపు సీసాను వాడే ముందు నిమిషంపాటు గట్టిగా కుదపాలి, అందులో తెలుపునిచ్చే పొడి, టైటానియం డయాక్సైడ్, బరువుకి అడుగున పేరుకుంటుంది.

మడతల్లోకి నీడ కోసం నల్ల వాష్ (గుంటల్లోకి పారే పల్చటి రంగు) అసలు వద్దు, మురికి పట్టినట్టు అవుతుంది. నీలం కలిసిన బూడిదను బాగా పల్చన చేసి, కుంచెను గుడ్డకి అద్ది, గీత గీసినట్టు మడత అడుగున మాత్రమే దించాలి. నూలుబట్టలా కనబడాలంటే నీలానికి బదులు కాస్త గోధుమ రంగు; పాలరాయికైతే నీలమే అందం.

అచ్చమైన తెలుపు ఆఖర్న. భుజం వంపు, మడతల అంచులు, అంతే. అంగీ అంతా పరిచేస్తే అంచుల్ని వెలిగించడానికి ఇంకేం మిగలదు.