డ్రెస్డెన్ దగ్గర లిలియెన్‌స్టైన్ కొండ ఎక్కాలనుకునేవాళ్ళకి

జర్మనీలో డ్రెస్డెన్‌లో చదువుకునే మనోళ్ళు సాక్సన్ స్విట్జర్లాండ్ (పేరు అలా ఉన్నా జర్మనీలోదే, ఎల్బె నది వెంట ఉండే ఇసుకరాయి కొండల ప్రాంతం) అంటే అక్కడి బాస్టై బ్రిడ్జి మీద నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు, అదీ బాగానే ఉంటది గానీ వీకెండ్ అయితే జాతరే. ఒక రోజు ఖాళీ ఉంటే అదే ప్రాంతంలో ఉన్న లిలియెన్‌స్టైన్ కొండ పెట్టుకోండి.

డ్రెస్డెన్ హౌప్ట్‌బాన్‌హోఫ్‌లో (మెయిన్ రైల్వే స్టేషన్) ఎస్1 లోకల్ రైలు ఎక్కి కోనిగ్‌స్టైన్‌లో దిగండి, డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్ళకి పనికొచ్చే నెలవారీ పాస్) చెల్లుతుంది. ఎల్బె నదిని ఫెర్రీలో దాటితే కాలిబాట మొదలు. కొండ ఎత్తు 415 మీటర్లే, నది దగ్గర్నించి 300 మీటర్లు ఎక్కాలి అంతే, కానీ ఇక్కడ అందరూ మోసపోయేది ఏంటంటే సగం దూరం పొలాలు, అడవి, హాయిగా నడిచిపోతాం, ఆ తర్వాత ఒక్కసారిగా నిలువు గోడ, ఇక మెట్లే మెట్లు. కాబట్టి మొదట్లో స్పీడుగా పోకండి.

ఎందుకలా అంటే, పది కోట్ల ఏళ్ళ కింద ఇదంతా సముద్రం, అడుగున ఇసుక పొరలు పొరలుగా పడి రాయైంది, తర్వాత నదీ వాగులూ నిలువు పగుళ్ళ వెంట కోసుకుంటూ పోతే మిగిలిన ముక్కలు ఇవి. అందుకే పైన బల్లపరుపు, పక్కలు నిలువు.

పైకి చేరాక అంచుల వెంబడి నెమ్మదిగా తిరగండి, అన్ని చోట్లా రెయిలింగ్ ఉండదు, పిల్లలుంటే చెయ్యి వదలొద్దు. వాన పడితే ఇసుకరాయి మెత్తబడుతుంది, తడి రాయి మీద క్లైంబింగ్ ఇక్కడ నిషేధం, మనం క్లైంబింగ్ చెయ్యకపోయినా తడి మెట్లు, ఆకులు కలిస్తే జారుడే, మంచి గ్రిప్పున్న బూట్లు లేకపోతే ఇంకో రోజు వెళ్ళండి.

అడవిలో ఇంకో సంగతి, బెరడు పురుగు వల్ల స్ప్రూస్ చెట్లు బోలెడు ఎండిపోయాయి, ఎప్పుడు ఏది పడుతుందో తెలీదు, గాలి ఎక్కువున్న రోజు వద్దు. దారులు మూసేస్తుంటారు కూడా, ముందురోజు రాత్రి నేషనల్ పార్క్ సైట్ చూసుకోండి. గుర్తులున్న దారి వదలొద్దు, సిగరెట్లు, మంటలు అసలొద్దు, 2022లో చెక్ వైపు అంటుకున్న కార్చిచ్చు ఇటు కూడా వచ్చింది.

దిగేటప్పుడు ఉత్తరం వైపు మెట్లు దిగి రాటెన్ అనే ఊరి దాకా నడిచేయండి, అక్కడ ఫెర్రీ దాటితే స్టేషన్. చివరి ఫెర్రీ టైమ్ మాత్రం పొద్దున్నే చూసి పెట్టుకోండి.