ఈఆర్‌పీ ప్రాజెక్ట్ మొదలుపెట్టే ముందు: టీములు, బాధ్యతల విషయంలో జాగ్రత్తలు

కొనుగోళ్ళు, అమ్మకాలు, స్టాక్, ఖాతాలు అన్నిటినీ ఒకేచోట నడిపే కొత్త ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవాలని అనుకోగానే అందరూ ప్రొడక్ట్ గురించి, ధర గురించి, గో-లైవ్ (కొత్త సిస్టమ్ వాడకం మొదలయ్యే) తేదీ గురించి మాట్లాడతారు. ఏ పనికి ఎవరు జవాబుదారీ అన్నది మాత్రం తర్వాత చూసుకుందామని వదిలేస్తారు. ప్రాజెక్టులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

2010 మార్చిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఆరోగ్య శాఖ కొత్త పేరోల్ సిస్టమ్ ప్రారంభించింది. ఆసుపత్రుల సిబ్బందిలో కొందరికి జీతం తక్కువ పడింది, కొందరికి ఎక్కువ పడింది, కొందరికి అసలు పడలేదు. దాన్ని సరిచేసి నడపడానికి వంద కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా ఖర్చవుతుందని తర్వాత అంచనా వేశారు. ఆ రాష్ట్ర ఆడిటర్ జనరల్ అదే ఏడాది ఇచ్చిన నివేదికలో, ప్రాజెక్టు మొత్తానికి బాధ్యుడైన అధికారి ఎవరో స్పష్టంగా లేదని తేల్చారు. ఆరోగ్య శాఖ ఉంది, ప్రభుత్వ ఐటీ విభాగం ఉంది, బయటి కాంట్రాక్టర్ కూడా ఉన్నారు. మూడు చోట్లా మనుషులు పనిచేస్తూనే ఉన్నారు. మొత్తం నాది అనగలిగిన వాళ్ళే లేరు.

కాబట్టి ఒప్పందం మీద సంతకాలకు ముందే తేల్చుకోవాల్సింది స్పాన్సర్, అంటే ప్రాజెక్టు మొత్తానికి జవాబుదారీ అయిన పెద్ద, ఎవరన్నది. ఐటీ హెడ్‌ను ఒక్కరినే స్పాన్సర్‌గా పెట్టకండి. పర్చేజ్‌కూ అకౌంట్స్‌కూ మాట పడనప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి తేల్చే అధికారం ఆయనకు ఉండదు. అందరు విభాగాధిపతులూ ఎవరి మాట వింటారో ఆ మనిషే స్పాన్సర్ కావాలి. ప్రాజెక్టు మీద పెద్ద నిర్ణయాలు తీసుకునే స్టీరింగ్ కమిటీ చిన్నదిగా ఉంటేనే పని జరుగుతుంది. ఒక సమస్య టీమ్ స్థాయిలో ఎన్ని రోజులు ఉండొచ్చు, ఎప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్ దగ్గరికి, ఎప్పుడు కమిటీకి వెళ్ళాలి అన్నది కూడా ముందే రాసి పెట్టుకోండి. రెండు రోజుల్లో తేలకపోతే పై స్థాయికి వెళ్ళడం మంచి పద్ధతి.

నిర్ణయం ఎవరిది?

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ప్రాసెస్ ఓనర్ల మీద, అంటే ఒక పని మొదటి నుంచి చివరిదాకా ఎలా జరగాలో నిర్ణయించేవాళ్ళ మీద. ఒక ఉదాహరణ చూడండి. పర్చేజ్ ఆర్డర్ 500 పీసులకు ఇచ్చారు, లారీలో 512 వచ్చాయి. దింపుకుంటామని గోడౌన్ వాళ్ళు అంటారు. బిల్లు ఆపుతామని అకౌంట్స్ అంటుంది. సప్లయర్‌తో మేం మాట్లాడతామని పర్చేజ్ అంటుంది. సిస్టమ్‌ను అమర్చే కన్సల్టెంట్‌కు కావాల్సింది మాత్రం ఒకే ఒక్క అంకె: ఆర్డర్ మీద ఎంత శాతం ఎక్కువ వస్తే సిస్టమ్ ఒప్పుకోవాలి? ఆ అంకె చెప్పే మనిషి లేకపోతే ఆయన తనకు తోచింది పెట్టి ముందుకెళ్తాడు. తప్పు ఆయనది కాదు, ఆయనకు గడువు ఉంది. గో-లైవ్ అయ్యాక గేటు దగ్గర లారీలు ఆగిపోయినప్పుడుగానీ ఆ అంకె ఎవరి కంటా పడదు.

ఇలాంటి నిర్ణయాలు వందల్లో వస్తాయి. వీటిని విభాగాల వారీగా పంచితే సరిపోదు, ఎందుకంటే చిక్కులన్నీ రెండు విభాగాల మధ్యే ఉంటాయి. కొనుగోలు కోరిక నుంచి సప్లయర్‌కు డబ్బు చెల్లించే దాకా ఒకే ఓనర్ ఉండాలి. కస్టమర్ ఆర్డర్ నుంచి డబ్బు చేతికొచ్చే దాకా ఇంకొకరు. ఖాతాల ముగింపుకు ఒకరు. అవసరమైతే తన సొంత విభాగానికి నచ్చని నిర్ణయం కూడా వాళ్ళు తీసుకోగలగాలి.

'మాకు పాత పద్ధతే కావాలి' అనే మాటకు కాదని చెప్పేదీ ఈ ఓనరే. జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడ్ల్ ఏళ్ళ తరబడి శాప్ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసి, 2018లో ఆ ప్రాజెక్టును ఆపేసింది. అప్పటికి ఖర్చు 50 కోట్ల యూరోల దాకా అయ్యిందని వార్తలొచ్చాయి. సరుకు విలువను కొన్న ధరల్లో లెక్కించే తన అలవాటును లిడ్ల్ మార్చుకోలేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం అమ్మకం ధరల మీద ఆధారపడింది. దాంతో సాఫ్ట్‌వేర్‌నే మార్చుకుంటూ పోవాల్సి వచ్చిందని ఆ వార్తలు చెప్పాయి. ప్రతి కస్టమైజేషన్ (సాఫ్ట్‌వేర్‌ను మనకోసం మార్చే) కోరిక వెనుక ఒక పేరు, ఒక కారణం, ఒక ఖర్చు రాసి ఉండాలి. అది చదివాక చాలా కోరికలు వాటంతట అవే వెనక్కి పోతాయి.

కీ యూజర్లుగా, అంటే విభాగం తరఫున ప్రాజెక్టులో పనిచేయడానికి, ఖాళీగా ఉన్నవాళ్ళను పంపకండి. వాళ్ళు లేకపోతే విభాగంలో పని ఆగిపోతుంది అనిపించేవాళ్ళనే పంపండి. వాళ్ళ రోజువారీ పనికి ఇంకొకరిని ముందే చూసిపెట్టండి. సగం సమయం ప్రాజెక్టుకే అని వాళ్ళ మేనేజర్ నోటిమాటతో చెబితే చాలదు, రాసివ్వాలి. పగలు ఆఫీసు పని, రాత్రి టెస్టింగ్ చేయించి మంచి మనుషులను అలసిపోయేలా చేయడం అన్యాయం. వాళ్ళు మధ్యలో ఉద్యోగం మానేస్తే ప్రాజెక్టు జ్ఞాపకం కూడా వాళ్ళతోనే పోతుంది.

ఎవరికీ చెందని పనులు

అమలు చేసే కంపెనీతో ఒప్పందం చదివేటప్పుడు, అందులో రాయని వాటి కోసం వెతకండి. పాత సిస్టమ్ నుంచి డేటా తీసి ఇచ్చేది ఎవరు? టెస్ట్ స్క్రిప్టులు (ఏది ఎలా పరీక్షించాలో చెప్పే దశలు) రాసేది ఎవరు? బ్యాంకుతో ఇంటర్‌ఫేస్ (రెండు సిస్టమ్‌ల మధ్య లింక్) పెడితే బ్యాంకు వైపు వెంటపడేది ఎవరు? ట్రైనింగ్ మెటీరియల్ తయారుచేసేది మనమా, వాళ్ళా? మనం వాళ్ళు చేస్తారనుకుంటాం, వాళ్ళు మనం చేస్తామనుకుంటారు. ఏ పని ఎవరు చేయాలి, జవాబుదారీ ఎవరు, ఎవరిని అడగాలి, ఎవరికి చెప్పాలి అని రాసే రేసీ పట్టిక ఇందుకే. ఒక్కో వరుసలో జవాబుదారీ ఒక్కరే ఉండాలి. గడిలో 'ఫైనాన్స్ టీమ్' అని రాస్తే అది ఖాళీ గడితో సమానం. మనిషి పేరు, ఆయన సెలవులో ఉంటే చూసే ఇంకొకరి పేరు రాయండి.

డేటా విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. సప్లయర్ల జాబితా తెరిచి చూడండి. ఒకే సప్లయర్ మూడు రకాల స్పెల్లింగులతో మూడు చోట్ల కనిపిస్తాడు. ఒక చోట టాక్స్ నంబర్ ఉండదు. రెండు చోట్ల వేర్వేరు బ్యాంకు ఖాతాలు ఉంటాయి. మూడింటినీ కలిపే ప్రోగ్రాం రాయడం కష్టం కాదు. అయితే డబ్బు ఏ ఖాతాకు వెళ్ళాలో ప్రోగ్రామర్‌కు ఎలా తెలుస్తుంది? రోజూ చెల్లింపులు చేసే అకౌంట్స్ మనిషికే తెలుస్తుంది. అందుకే సప్లయర్లు, కస్టమర్లు, మెటీరియల్ కోడ్లు, ఓపెనింగ్ బ్యాలెన్సులు, ఇంకా పూర్తికాని ఆర్డర్లు... ఒక్కోదానికి బిజినెస్ వైపు నుంచి ఒక్కో ఓనర్ కావాలి. శుభ్రం చేసే పని ప్రాజెక్ట్ మొదటి నెలలోనే మొదలవ్వాలి. డేటాను కొత్త సిస్టమ్‌లోకి కనీసం రెండుసార్లు ట్రయల్ లోడ్ చేసి, పాత మొత్తాలు కొత్త మొత్తాలతో సరిపోయాయని ఆ ఓనర్లు సంతకం పెట్టాలి.

టెస్టింగ్‌లో ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. ఎలాంటి లోపాన్ని ఎంత తీవ్రంగా లెక్కించాలో టెస్టింగ్ మొదలవ్వక ముందే రాసుకోండి. తర్వాత తీవ్రత తగ్గించే అధికారం ప్రాసెస్ ఓనర్‌కే ఉండాలి, తేదీ టెన్షన్‌లో ఉన్న ప్రాజెక్ట్ మేనేజర్‌కు కాదు. అలాగే లాగిన్ అనుమతులకూ ఒక ఓనర్ కావాలి. సప్లయర్‌ను సృష్టించే మనిషే చెల్లింపు కూడా చేయగలిగితే మోసానికి తలుపు తెరిచినట్టే. ప్రాజెక్ట్ సమయంలో ఇచ్చిన విస్తృత అనుమతులు గో-లైవ్‌కు ముందు తీసేయాలి.

కటోవర్ రోజులు

కటోవర్ అంటే పాత సిస్టమ్ ఆపి కొత్తదానికి మారడం. దాని తేదీ ఎంచుకునేటప్పుడు ముందు సేల్స్ వాళ్ళ క్యాలెండర్ చూడండి. అమెరికాలో చాక్లెట్లు చేసే హెర్షీ కంపెనీ 1999లో మూడు సంస్థల సాఫ్ట్‌వేర్‌ను ఒకేసారి తెచ్చింది. పని ఆలస్యమై, హాలోవీన్ (చాక్లెట్లు పంచే పండుగ) ఆర్డర్లు వచ్చే జూలైలో గో-లైవ్ అయ్యింది. దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు సరఫరా చేయలేకపోయింది, అదీ సరుకు ఉండి కూడా. సీజన్‌లోకి తేదీ జరిగితే వాయిదా వేసే అధికారం ఎవరిదో ముందే తెలిసి ఉండాలి.

కటోవర్ ప్లాన్ గంటల లెక్కన రాయండి. శుక్రవారం సాయంత్రం 6 గంటలకు పాత సిస్టమ్‌లో ఎంట్రీలు ఆపేది ఎవరు, ఆపినట్టు నిర్ధారించేది ఎవరు? రాత్రి స్టాక్ లెక్క తీసేది ఎవరు? శనివారం లోడ్ ఏ వరుసలో నడవాలి? ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకు గో అనాలా, వద్దా అని చెప్పేది ఎవరు? ఏ గంట దాటితే పాత సిస్టమ్‌కు వెనక్కి వెళ్ళలేమో ఆ గంటను అందరికీ కనిపించేలా రాయండి. దీన్నంతా ఒకసారి రిహార్సల్ చేయాలి. షిఫ్టులు కూడా వేయండి. రెండు రాత్రులు నిద్రలేని మనిషి చేతికి ఓపెనింగ్ బ్యాలెన్సులు అప్పగించకూడదు.

గో-లైవ్ తర్వాతి హైపర్‌కేర్‌కు, అంటే మొదట్లో కొన్నాళ్ళు యూజర్లకు ప్రత్యేకంగా అండగా ఉండటానికి, టీమ్‌ను ఇప్పుడే పేర్లతో రాయండి: యూజర్ల పక్కన నిలబడేవాళ్ళు, టికెట్లు (యూజర్ల ఫిర్యాదులు) విడదీసి పంపేవాళ్ళు, సరిచేసేవాళ్ళు. కన్సల్టెంట్లు వెళ్ళిపోయే తేదీని క్యాలెండర్ లెక్కన పెట్టకండి. మొదటి నెలాఖరు క్లోజింగ్ మీ వాళ్ళే సొంతంగా పూర్తి చేశాకే వాళ్ళను పంపిస్తామని ఒప్పందంలో రాయించుకోండి.