స్టోంప్ బాక్స్ ‘ధబ్’ అనకుండా ‘టక్’ అంటుంటే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

గిటార్ వాయిస్తూ ఒక్కరే పాడేవాళ్ళు దరువు కోసం కాలి కింద పెట్టుకునే చెక్క పెట్టె స్టోంప్ బాక్స్. ఇంట్లో చేసుకునే పెట్టెలో ఉండేవి చాలా తక్కువ: సుమారు 30 × 20 సెంటీమీటర్ల పైపలక, దాని అడుగున అతికించిన 27 లేదా 35 మి.మీ. పీజో డిస్క్ (అదురుని విద్యుత్తుగా మార్చే పల్చటి బిళ్ళ), రెండు తీగలు, ఒక 6.35 మి.మీ. మోనో జాక్, కింద నాలుగు రబ్బరు బుడిపెలు. బ్యాటరీ ఉండదు.

ఏ తేడా వచ్చినా చాలామంది ముందు పెట్టె విప్పి డిస్క్ మార్చేస్తారు. నిజానికి తప్పు ఎక్కువగా పెట్టె బయటే ఉంటుంది: కేబుల్ అవతలి కొస ఎక్కడ గుచ్చారు, పెట్టెకీ నేలకీ మధ్య ఏముంది, కాలికి ఏం తొడుక్కున్నారు. ఈ మూడూ చూశాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

శబ్దం పల్చగా వస్తోంది, అడుగున బరువు లేదు

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. పీజో డిస్క్ విద్యుత్తు పరంగా ఒక చిన్న కెపాసిటర్. 27 మి.మీ. డిస్క్‌కి దాదాపు 20 నానోఫారడ్లు ఉంటుంది. మీరు గుచ్చిన ఇన్‌పుట్‌కి ఉన్న ఇంపిడెన్స్ (సిగ్నల్‌ని అడ్డుకునే గుణం, ఓంలలో కొలుస్తారు), ఈ కెపాసిటర్ కలిసి కింది శబ్దాలను కోసేసే ఫిల్టర్ అవుతాయి. ఇంపిడెన్స్ ఎంత తక్కువైతే కోత అంత పైకి జరుగుతుంది.

లెక్క వేస్తే సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. గిటార్ యాంప్‌లోనో, ఆడియో ఇంటర్‌ఫేస్‌లో గిటార్ కోసం ఇచ్చిన ఇన్‌పుట్‌లోనో 1 మెగా ఓం ఉంటుంది. అక్కడ కోత 8 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, అంటే బేస్ అంతా మిగులుతుంది. వాద్యాన్ని మిక్సర్‌కి కలపడానికి మధ్యలో పెట్టే, కరెంటు అక్కర్లేని పాసివ్ డీఐ బాక్స్‌కి సుమారు 140 కిలో ఓంలు అనుకుంటే కోత 57 హెర్ట్జ్ దగ్గర, అంటే అట్టడుగు కొంచెం పోతుంది. అదే మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో 10 కిలో ఓంలే ఉంటే కోత 800 హెర్ట్జ్‌కి ఎక్కి కూర్చుంటుంది. ‘ధబ్’ అనే శబ్దం ఉండేది 60 నుంచి 120 హెర్ట్జ్ మధ్య. అదంతా పోయి చెక్క మీద గోటితో కొట్టినట్టు ‘టక్’ మిగులుతుంది. సౌండ్ మనిషి ఈక్యూలో (ఏ శబ్దాలు ఎంత ఉండాలో సరిచేసే బటన్లు) బేస్ ఎంత పెంచినా గుయ్‌మనే మోత పెరుగుతుందే తప్ప దెబ్బకి బరువు రాదు.

పరిష్కారాలు మూడు. అన్నిటికన్నా మంచిది 1 మెగా ఓం ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ (కరెంటుతో పనిచేసే) డీఐ బాక్స్. రెండోది, పెట్టెలోనే చిన్న బఫర్ (డిస్క్‌కి ఎక్కువ ఇంపిడెన్స్ చూపించే సర్క్యూట్) కట్టడం: 2ఎన్5457 లాంటి ఒక జేఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్; గేట్, సోర్స్ దాని కాళ్ళు), 9 వోల్టుల బ్యాటరీ, గేట్‌ని సగం వోల్టేజీ దగ్గర నిలబెట్టడానికి 4.7 మెగా ఓంల రెసిస్టర్లు రెండు, డిస్క్ నుంచి గేట్‌కి 100 నానోఫారడ్ల కెపాసిటర్, సోర్స్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓంలు, బయటికి వెళ్ళే దారిలో 4.7 మైక్రోఫారడ్ల కెపాసిటర్. బ్యాటరీ అయిపోతే పాట మధ్యలో దరువు ఆగిపోతుంది కాబట్టి కచేరీలకి వెళ్ళేవాళ్ళు డీఐ బాక్స్‌నే నమ్ముకోవడం మేలు.

మూడోది దాదాపు ఖర్చు లేనిది. 224 అని అచ్చు వేసి ఉన్న పాలిస్టర్ కెపాసిటర్‌ని, అంటే 220 నానోఫారడ్లది, డిస్క్ రెండు తీగల మధ్య అడ్డంగా టంకం పెట్టండి. మొత్తం కెపాసిటెన్స్ 240 అవుతుంది, 10 కిలో ఓంల లైన్ ఇన్‌పుట్‌లో కూడా కోత 66 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. బదులుగా సిగ్నల్ పన్నెండో వంతుకి తగ్గుతుంది. కానీ కాలి దెబ్బకి పీజో ఇచ్చే వోల్టేజీ అవసరానికి మించే ఉంటుంది కాబట్టి మిక్సర్‌లో గెయిన్ పెంచితే సరిపోతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి డిస్క్‌తో సహా ఈ సామానంతా కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

ఇన్‌పుట్ సరైనదే, అయినా ‘టక్’ పోవడం లేదు

అయితే డిస్క్ ఉన్న చోటు చూడాలి. సరిగ్గా కాలు పడే చోటు కిందే అతికిస్తే చెప్పు చెక్కకి తగిలిన చప్పుడే అన్నిటికన్నా ముందు డిస్క్‌కి చేరుతుంది. అక్కడి నుంచి 6 - 8 సెంటీమీటర్లు పక్కకి జరపండి. ఇత్తడి వైపు చెక్కకి ఉండాలి, తెల్లటి సిరామిక్ వైపు గాలికి ఉండాలి.

అతికించే పదార్థం కూడా స్వరాన్ని మారుస్తుంది. ఎపాక్సీతో గట్టిగా అతికిస్తే పై శబ్దాలన్నీ ఎక్కుతాయి. 1 మి.మీ. ఫోమ్ ఉన్న డబుల్ సైడ్ టేప్ అయితే అవి మెత్తబడతాయి. ముందు టేప్‌తో అతికించి వినండి, చోటు కుదిరాక శాశ్వతంగా అతికించుకోవచ్చు.

పైపలక మీద కాలు పడేచోట 3 మి.మీ. రబ్బరు షీటో కార్క్ ముక్కో వేస్తే తేడా వెంటనే వినిపిస్తుంది. గట్టి అడుగు బూట్లు వేసుకుంటే ‘టక్’ రావడం సహజం. కెనడాలోని క్యూబెక్ ఫిడేలు కళాకారులు కూర్చుని రెండు పాదాలతో చెక్క పలక మీద దరువు వేసేటప్పుడు కావాలనే గట్టి అడుగున్న బూట్లు తొడుక్కుంటారు, వాళ్ళకి ఆ టకటకే కావాలి. మీకు డ్రమ్ములో కిక్ లాంటి శబ్దం కావాలంటే వట్టి కాలు గానీ మెత్తటి అడుగున్న బూటు గానీ మంచిది.

చివరగా ఈక్యూ: 40 హెర్ట్జ్ కింద కోసేయండి, 70 - 90 మధ్య కొంచెం పెంచండి, 400 పైన బాగా తగ్గించండి. 40 కింద కోయడం మర్చిపోకండి. మంచి ఇన్‌పుట్‌లో పీజో 10 హెర్ట్జ్ దాకా పంపిస్తుంది. అది చెవికి వినపడదు, స్పీకర్ కోన్‌ని మాత్రం ఊపేస్తూ యాంప్ శక్తిని తినేస్తుంది.

దెబ్బ పడ్డప్పుడల్లా చిరిగినట్టు వస్తోంది

గట్టిగా తొక్కితే పీజో నుంచి పదుల వోల్టులు రావచ్చు. ఇన్‌పుట్ అంత పట్టలేక చిరుగుతుంది. 1 మెగా ఓం ఇన్‌పుట్‌లోకే గుచ్చుతున్నా 104 అచ్చున్న 100 నానోఫారడ్ల కెపాసిటర్ అడ్డంగా పెడితే సిగ్నల్ ఆరో వంతుకి తగ్గుతుంది, బేస్‌కి నష్టం ఉండదు. బఫర్ కట్టినవాళ్ళు 5.1 వోల్టుల జీనర్ డయోడ్లు రెండింటిని ఎదురెదురుగా, వరసగా కలిపి డిస్క్‌కి అడ్డంగా పెట్టుకోవాలి. లేకపోతే ఏదో ఒక రోజు జేఫెట్ పోతుంది.

గుయ్‌మని ఆగకుండా మోత

ముందు జాక్ లోహపు భాగాన్ని వేలితో తాకండి. మోత తగ్గితే షీల్డింగ్ లోపం, లేదా తీగలు తారుమారయ్యాయి. ఇత్తడి పళ్ళెం నుంచి వచ్చే తీగ జాక్ స్లీవ్‌కి (ప్లగ్గు ఒంటికి తగిలే భాగం), సిరామిక్ మధ్య నుంచి వచ్చేది టిప్‌కి (ప్లగ్గు మొనకి తగిలే భాగం) వెళ్ళాలి. తిరగేసి కలిపినా దరువు వినపడుతుంది, అందుకే ఈ పొరపాటు చాలాకాలం బయటపడదు. వెడల్పాటి ఇత్తడి పళ్ళెం టిప్‌కి కలిస్తే యాంటెన్నాలా పనిచేసి చుట్టూ ఉన్న కరెంటు మోతనంతా లాక్కుంటుంది.

తీగలు సరిగ్గానే ఉంటే డిస్క్ నుంచి జాక్ దాకా మామూలు వైరు తీసేసి షీల్డ్ వైరు వేయండి. అదీ చాలకపోతే పెట్టె లోపలి గోడలకి రాగి రేకు టేపు అతికించి, దాన్ని స్లీవ్‌కి టంకంతో కలపండి. సిరామిక్ వైపు ఇన్సులేషన్ టేపు తప్పనిసరి, రేకు తగిలితే సిగ్నల్ మొత్తం షార్ట్ అవుతుంది. బఫర్ లేని పెట్టెకి 5 మీటర్లకి మించిన కేబుల్ వద్దు. పొడవు పెరిగితే శబ్దం పెద్దగా తగ్గదు గానీ మోత పెరుగుతుంది.

అసలు శబ్దమే లేదు, లేదా వచ్చిపోతోంది

ముందు కేబుల్ మార్చి చూడండి. తర్వాత కేబుల్ తీసి, మల్టీమీటర్‌ని కెపాసిటెన్స్‌లో పెట్టి జాక్ టిప్‌కీ స్లీవ్‌కీ మధ్య కొలవండి. (అడ్డంగా కెపాసిటర్ పెట్టి ఉంటే దాని ఒక కాలు విడదీసి కొలవాలి.) 27 మి.మీ. డిస్క్‌కి 20 నానోఫారడ్ల చుట్టుపక్కల చూపిస్తే డిస్క్, తీగలు బాగున్నట్టే, తప్పు జాక్ స్ప్రింగులో ఉంది. దాన్ని కొద్దిగా లోపలికి వంచితే ప్లగ్గుని గట్టిగా పట్టుకుంటుంది. దాదాపు సున్నా చూపిస్తే తీగ తెగింది. ఉండాల్సిన దాంట్లో సగమో మూడో వంతో చూపిస్తే సిరామిక్ పగిలింది, ఆ డిస్క్‌ని మార్చడమే. కంటిన్యుటీలో బీప్ అంటే ఎక్కడో షార్ట్ ఉంది.

తీగ ఎక్కువగా తెగేది సిరామిక్ మీది టంకం దగ్గర. దాని మీద ఉండేది పల్చటి వెండి పూత. 350 డిగ్రీల ఐరన్‌ని రెండు సెకన్లకి మించి ఆనిస్తే పూత లేచిపోతుంది, ఇక అక్కడ టంకం అంటదు. ముందే వైరు చివరకి టంకం పట్టించి, డిస్క్ మీద ఒక చుక్క వేసి, రెండూ కలిపి ఒక్కసారి తాకించి తీసేయండి. ఈ పని కొత్తవాళ్ళు వైర్లు పెట్టి అమ్మే డిస్కులే కొనుక్కోవాలి. టంకం నిలవాలంటే డిస్క్‌కి 2 సెంటీమీటర్ల దూరంలో వైరుని గ్లూ గన్‌తో చెక్కకి అతికించండి. కాలు పడిన ప్రతిసారీ వైరు ఊగితే ఆ ఊపు టంకం మీదే పడుతుంది.

జాక్ పదేపదే వదులవుతుంటే పలక మందం చూడండి. మామూలు జాక్ మరలు 8 - 9 మి.మీ. పొడవే ఉంటాయి. 12 మి.మీ. ప్లైవుడ్‌లో నట్టు ఒక చుట్టు కూడా సరిగ్గా ఎక్కదు. లోపలి నుంచి పెద్ద బిట్టుతో చెక్కని 4 మి.మీ. మందం మిగిలేలా తొలచండి, లేదా పెద్ద రంధ్రం చేసి దాని మీద లోహపు ప్లేటు బిగించి జాక్ దానికి పెట్టండి. నట్టు కింద పళ్ళున్న వాషర్ వేయాలి.

స్పీకర్లు పెంచగానే ఊళ పెడుతోంది

స్టేజీ చెక్క మీద బేస్ స్పీకర్ కదిలిస్తే ఆ కదలిక బుడిపెల గుండా పెట్టెలోకి ఎక్కి మళ్ళీ స్పీకర్‌కి చేరుతుంది. పెట్టె కింద 10 మి.మీ. యోగా మ్యాట్ ముక్క వేసి, స్పీకర్‌కి దూరంగా జరగండి. మానిటర్‌లోకి (స్టేజీ మీద మీకు వినిపించడానికి పెట్టే స్పీకర్) పెట్టె శబ్దం పంపొద్దు, కాలికే దరువు తెలుస్తుంది. ఇంకా ఊళ పెడితే 80 - 150 హెర్ట్జ్ మధ్య ఏ చోట మోగుతోందో పట్టుకుని సన్నగా కోయండి. ఫేజ్ బటన్ (సిగ్నల్‌ని తిరగేసేది) నొక్కి చూడటం కూడా కొన్నిసార్లు పనిచేస్తుంది.

ఒక్క దెబ్బకి రెండు వినిపిస్తున్నాయి, పెట్టె జరిగిపోతోంది

పెట్టెని నేల మీద పెట్టి మూలలు ఒక్కొక్కటే నొక్కండి. ఒక్క మూల ఊగినా రెండో దెబ్బ అదే. ఆ బుడిపె కింద రబ్బరు ముక్క వేసి సరిచేయండి. పెట్టె సమంగానే ఉంటే తప్పు కాలిది: మునివేళ్ళతో కొట్టేటప్పుడు మడమ కూడా పెట్టె మీదే ఉండి, అది లేచి పడుతోంది. మడమ నేల మీద ఆనించి మునివేళ్ళతోనే కొట్టండి. పెట్టె ఎత్తు 6 సెంటీమీటర్లు దాటితే పాదం అలా నిలవదు, అరగంటలో పిక్క పట్టేస్తుంది. కొత్తగా చేసుకునేవాళ్ళు పైపలకని మడమ వైపు తగ్గి ఉండేలా వాలుగా పెట్టుకుంటే కాలికి సుఖం.

వానాకాలంలో శబ్దం చచ్చిపోతోంది

ఎండీఎఫ్ (చెక్క నారని అంటించి నొక్కి చేసిన పలక) పెట్టె అంచుల దగ్గర తేమ పీల్చి ఉబ్బుతుంది, అతుకులు వదులై లోపల గరగరలాడుతుంది. తేమ డిస్క్ అంచున చేరితే ఇత్తడికీ సిరామిక్‌కీ మధ్య విద్యుత్తు కారిపోతుంది. ఇంపిడెన్స్ పడిపోయి, మొదట చెప్పిన బేస్ కోతే మళ్ళీ వస్తుంది. డిస్క్‌ని ఆరబెట్టి, అంచు చుట్టూ, టంకం మీద గోళ్ళరంగు రెండు పూతలు వేయండి. చెక్క అంచులకి ఉప్పుకాగితం పట్టి వార్నిష్ వేయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్ళలో ఉండేవాళ్ళు ఎండీఎఫ్ జోలికి పోకుండా మంచి ప్లైవుడ్‌తో చేసుకోవడమే నయం.

పాదానికి కట్టిన గజ్జెలు, బిళ్ళలు తాళం తప్పుతున్నట్టుంటే

పెట్టెకి తోడు రెండో కాలికి కంజీర బిళ్ళలో గజ్జెలో కట్టుకుంటే దరువు నిండుగా ఉంటుంది. బుర్రకథలో కథకుడు తంబుర మీటుతూ, కాలి గజ్జెలతో అడుగు వేస్తూ చేసేది ఇదే. కానీ నిలబడి చిందు వేసే కాలికి, కుర్చీలో కూర్చుని తాటించే కాలికి కట్టు వేరుగా ఉండాలి. చీలమండకి కడితే కూర్చున్నప్పుడు కాలు లేచేటప్పుడూ మోగుతాయి, దెబ్బ ఎక్కడ పడిందో తెలియదు. పట్టీని పాదం మధ్యలో, వేళ్ళ మొదళ్ళకి దగ్గరగా కట్టండి. మడమ నేలనే ఉంచి మునివేళ్ళు 2 - 3 సెంటీమీటర్లకి మించి లేపకండి. 50 గజ్జెలు అక్కర్లేదు, 8 నుంచి 12 చాలు.

గజ్జెని తోలు పట్టీకి వదులుగా కుడితే దెబ్బ తర్వాత కూడా ఊగుతూ ఉంటుంది. ఒక్కొక్కదాన్నీ విడిగా ముడి వేసి బిగించి కుట్టాలి. అన్నిటినీ ఒకే దారంతో కుడితే ఒక్కచోట తెగినా వరసంతా జారుతుంది. ఒక గజ్జె మూగబోతే దాని నోరు చూడండి. తొక్కిడికి నొక్కుకుపోయి లోపలి గుండు ఇరుక్కుని ఉంటుంది, సన్న స్క్రూడ్రైవర్‌తో నోరు కొద్దిగా తెరిస్తే మళ్ళీ మోగుతుంది. బిళ్ళలు ఎక్కువసేపు జల్లుమంటుంటే జంట మధ్య చిన్న ఫెల్ట్ వాషర్ వేయండి. గాయకుడి మైక్‌లోకి అవే గట్టిగా వెళ్తుంటే ఒక జంట తీసేయడం ఈక్యూ కన్నా బాగా పనిచేస్తుంది.