ఊరి చెరువులో శక్తి దారినీ పోషకాల దారినీ విడివిడిగా గీయడం ఎలా

ఆవరణ వ్యవస్థ పటం గీసేటప్పుడు చాలామంది విద్యార్థులు శక్తికీ పోషకాలకూ కలిపి ఒకే బాణం వేస్తారు. ఎండగా వచ్చిన శక్తి ప్రతి జీవి శ్వాసక్రియలోనూ కొంత వేడిగా మారి, చివరకు పూర్తిగా వెలుపలికి పోతుంది. ఆ వేడిని ఏ మొక్కా తిరిగి వాడుకోలేదు. భాస్వరం, నత్రజని మాత్రం నీటి నుంచి నాచుకు, నాచు నుంచి చేపకు, చేప నుంచి బురదకు చేరి మళ్లీ నీటిలోకి వస్తాయి. ఈ తేడాను స్వయంగా చూడడానికి ఊరి చెరువు అనువైన చోటు, ఎందుకంటే కట్ట, తూము, అలుగు ఉండడం వల్ల లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ అక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

ముందుగా చెరువులో ఏది దేనిని తింటుందో రాసుకోవాలి. నీటిలోకి ఒంటరిగా దిగకుండా, మత్స్యకారులతో కలిసి వెళ్లి వారిని అడగడం మేలు, ఏ చేప ఎక్కడ మేస్తుందో వారికి బాగా తెలుసు. బొచ్చె పైనీటిలో ఎక్కువగా జంతు ప్లవకాలను, అంటే నీటిలో తేలే సూక్ష్మ జంతువులను తింటుంది. శీలావతి మధ్యనీటిలో మేస్తుంది. ఎర్రమోసు అడుగున కుళ్లుతున్న సేంద్రియ పదార్థాన్ని ఏరుకుంటుంది. కొర్రమీను చిన్న చేపలనూ కప్పలనూ పట్టి తింటుంది. దాని పిల్లలను నీటికాకులు, కొంగలు తింటాయి. బాణం మొన ఎప్పుడూ తినే జీవి వైపే ఉండాలి, ఎందుకంటే అది శక్తి వెళ్లే దిక్కును చూపుతుంది.

తరువాత ఆ బాణాల మందాన్ని నిర్ణయించాలి; ఎక్కువ శక్తి చేరే చోట బాణం మందంగా ఉండాలి. అమెరికాలోని మిన్నెసోటాలో సెడార్ బాగ్ అనే చిన్న సరస్సును పరిశీలించిన శాస్త్రవేత్త రేమండ్ లిండెమన్, ఆహార స్థాయిల (తినబడే జీవి నుంచి తినే జీవికి సాగే మెట్ల) మధ్య శక్తి బదిలీని లెక్కగట్టే పద్ధతిని 1942లో ప్రచురితమైన వ్యాసంలో వివరించారు. ఒక స్థాయి నుంచి పై స్థాయికి సుమారు 10 శాతం చేరుతుందనేది ఉజ్జాయింపు మాత్రమే, అన్ని చెరువులకూ వర్తించే స్థిర సంఖ్య కాదు. ఆ ఉజ్జాయింపు ప్రకారం వృక్ష ప్లవకాలలో (నీటిలో తేలే సూక్ష్మ నాచులో) 1,000 కిలోకేలరీలు నిలిస్తే జంతు ప్లవకాలకు 100, బొచ్చెకు 10 చేరతాయి. ప్రతి స్థాయి పక్కనా వేడిగా పోయే శక్తికి వెలుపలి వైపు మరో బాణం గీయడం మరచిపోకూడదు.

వృక్ష ప్లవకాల ఉత్పత్తిని నిజంగానే కొలవవచ్చు. బిగుతైన మూతలున్న మూడు గాజు సీసాలలో ఒకే లోతు నుంచి బుడగలు లేకుండా నీరు నింపాలి. మొదటి సీసాలోని ఆక్సిజన్‌ను చేపల రైతులు వాడే పరీక్షా కిట్‌తో వెంటనే కొలవాలి. రెండో సీసాను అలాగే, మూడో దానిని వెలుగు చొరని నల్లని గుడ్డతో చుట్టి, నీరు తీసిన లోతులోనే నాలుగు గంటలు వేలాడదీసి, ఆపై రెండింటినీ కొలవాలి. మొదటి దానికన్నా నల్ల సీసాలో తగ్గినది శ్వాసక్రియకు ఖర్చయిన ఆక్సిజన్. వెలుగు సీసా విలువలోంచి నల్ల సీసా విలువను తీసివేస్తే ప్లవకాలు విడుదల చేసిన మొత్తం ఆక్సిజన్, అంటే మొత్తం ఉత్పత్తి తెలుస్తుంది.

పోషకాలను వేరే రంగుతో గీయాలి. ఎక్కువ శ్రద్ధ భాస్వరానికే ఇవ్వాలి, ఎందుకంటే నత్రజనిలా అది వాయువుగా గాలిలో కలిసిపోదు; ఒకసారి చెరువులోకి వస్తే అలుగు నీటితోనో, తూము నీటితోనో, పట్టిన చేపలతోనో, తవ్విన పూడికతోనో తప్ప దాదాపుగా బయటికి పోదు. డీఏపీ ఎరువు చల్లిన పొలాల మీదుగా పారే వాననీరు, పశువుల పేడ, ఊరి మురుగు దానిని మోసుకొస్తాయి. అడుగున ఆక్సిజన్ ఉన్నంతకాలం అందులో చాలా భాగం ఇనుముతో కలిసి బురదలోనే ఉండిపోతుంది. ఆక్సిజన్ తరిగిపోతే ఆ బంధం వీడి, భాస్వరం తిరిగి నీటిలోకి వస్తుంది. అందుకే కొత్తగా ఏమీ చేరకపోయినా కొన్ని చెరువులు నాచుతో పచ్చబడతాయి. కర్రతో కదిపినప్పుడు బురద కుళ్లిన కోడిగుడ్ల వాసన వేస్తే, అక్కడ ఆక్సిజన్ లేదని గ్రహించి పటంలో బురద నుంచి నీటికి బాణం వేయాలి.

గుర్రపు డెక్క దగ్గర రెండు రంగులూ అవసరమవుతాయి. అది నీటిపై కమ్ముకుని ఎండను అడ్డగిస్తుంది కనుక ప్లవకాలకు చేరే శక్తి బాణం సన్నబడుతుంది. అదే మొక్క వేళ్లతో పోషకాలను పీల్చుకుంటుంది. నీటిలోనే కుళ్లితే అవి తిరిగి చెరువుకే చేరతాయి, ఏరి కట్ట అవతల ఎరువుగా కుళ్లబెడితే చెరువును వదిలిపోతాయి.

పూడిక బాణం చెరువు నుంచి పొలానికి వెళ్తుంది. వేసవిలో రైతులు బండ్లతో పూడిక తోలుకుని చేలకు వేయడం పాత అలవాటే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లోనూ తీసిన పూడిక పొలాలకు చేరింది. ఎండ నుంచి వచ్చిన శక్తిలో అధిక భాగం అప్పటికే వేడిగా పోయి ఉంటుంది, భాస్వరం మాత్రం పొలం నుంచి వచ్చినదే పొలానికి తిరిగి వెళ్తుంది. కొలతలను వేసవిలో నీరు తగ్గినప్పుడు ఒకసారి, అలుగు పారి నీరు నిలకడపడిన తర్వాత మరోసారి తీసి, రెండు పటాలను పక్కపక్కన పెట్టి ఏ బాణాలు మందం మారాయో గుర్తించాలి.