ముట్లుడిగే వయసులో ప్రొజెస్టెరాన్: ఏ ఇబ్బందికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో నలభై అయిదేళ్ల ఆడమనిషి తన ఇబ్బంది చెప్పుకుంటే ఇంట్లో సాధారణంగా వినిపించే మాటలు రెండు. "వేడి చేసింది" అన్నది ఒకటి, "ఆగిపోయే ముందు అంతేలేమ్మా" అన్నది మరొకటి. ఈ మధ్య "హార్మోన్లు తేడా కొట్టాయంట, ప్రొజెస్టెరాన్ తగ్గిందంట" అన్న మూడో మాట కూడా వీటికి తోడైంది. మూడింటిలోనూ కొంత నిజం ఉంది గాని, మందు ఎంచుకోవడానికి ఏ ఒక్కటీ చాలదు. అండాశయాల్లో తయారయ్యే ముఖ్యమైన ఆడ హార్మోన్లు రెండు, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్. మందుగా ప్రొజెస్టెరాన్ కొన్ని ఇబ్బందులకు నేరుగా పనిచేస్తుంది, కొన్నింటిలో ఈస్ట్రోజెన్‌కు తోడుగా మాత్రమే అవసరమవుతుంది, మరికొన్నింటితో దానికి సంబంధమే ఉండదు.

ఏ లక్షణం గురించి ఆలోచించాలన్నా ముందు రెండు విషయాలు తేలాలి: గర్భసంచి ఉందా, తీసేశారా; చివరి ముట్టు ఎప్పుడు వచ్చింది. వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతేనే ఆగిపోయినట్టు లెక్క. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ల ప్రాంతంలో జరుగుతుంది, దానికి ముందు కొన్నేళ్లపాటు నెలసరి తప్పడం, ముందే రావడం మామూలే. ఒంటిమిట్ట కల్యాణానికో, తిరుమల ప్రయాణానికో, ఇంట్లో పెళ్లికో నెలసరి వాయిదా మాత్రలు వేసుకునే అలవాటు ఉన్నవారికి ఈ లెక్క తప్పుతుంది. ఆ మాత్రల్లో ఉండే నోరెథిస్టెరాన్ కూడా ప్రొజెస్టెరాన్ లాంటి మందే కాబట్టి, ఆపిన రెండు మూడు రోజులకు వచ్చే రక్తస్రావం మాత్రవల్ల వచ్చినదే తప్ప సహజమైన ముట్టు కాదు. క్యాలెండర్‌లో తేదీలు రాసేటప్పుడు దానిని వేరుగా గుర్తుపెట్టుకోవాలి.

రెండు మూడు నెలలు రాకుండా ఉండి, వచ్చినప్పుడు గడ్డలు గడ్డలుగా పోవడం

ఈ వయసులో ప్రొజెస్టెరాన్ లోపం స్పష్టంగా కనిపించేది ఇక్కడే. అండం విడుదలైన నెలలో, అది వెలువడిన చోట మిగిలిన పొర సుమారు రెండు వారాలపాటు ప్రొజెస్టెరాన్‌ను తయారుచేస్తుంది. ఈస్ట్రోజెన్ పెంచిన గర్భసంచి లోపలి పొరను ఆ ప్రొజెస్టెరాన్ నిలకడగా ఉంచి, తాను తగ్గగానే ఒకేసారి రాలిపోయేలా చేస్తుంది. ముట్లుడిగే ముందు కొన్ని నెలల్లో అండం విడుదల కాదు, కాబట్టి ఆ నెలల్లో ప్రొజెస్టెరాన్ దాదాపు తయారుకాదు. ఈస్ట్రోజెన్ మాత్రం ఎక్కువతక్కువలుగా వస్తూనే ఉంటుంది. ఎరువు మాత్రమే పడి కోతకు రాని పైరులా పొర పెరుగుతూ పోయి, చివరికి ఎక్కడికక్కడ విరిగి రోజుల తరబడి కారుతుంది.

ఎక్కువ పోతోందని ఎప్పుడు అనుకోవాలన్న దానికి కొన్ని కొలతలు ఉన్నాయి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, పది రూపాయల నాణెం కంటే పెద్ద గడ్డలు పడడం, ఏడు రోజులు దాటినా ఆగకపోవడం, 21 రోజులకంటే ముందే మళ్ళీ రావడం, వీటిలో ఏది ఉన్నా "చెడు రక్తం పోతే మంచిదే" అని ఊరుకోకూడదు. పోతున్నది మంచి రక్తమే. హిమోగ్లోబిన్ 12కు తగ్గితే రక్తహీనత, 8కి తగ్గితే తీవ్రమైన రక్తహీనత కింద లెక్క. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, కాళ్ల పీకులు వయసువల్ల వచ్చాయనుకునే చాలామందిలో అసలు కారణం ఇదే.

అయితే ఇలాంటి రక్తస్రావానికి ప్రొజెస్టెరాన్ లోపం ఒక్కటే కారణం కాదు. గర్భసంచిలో పెరిగే కండ గడ్డలు (ఫైబ్రాయిడ్లు), లోపలి పొరమీద మొలిచే పాలిప్‌లు, థైరాయిడ్ తగ్గడం, రక్తం పలచబడే మందులు, అరుదుగా క్యాన్సర్ కూడా ఇలాగే కనిపిస్తాయి. కు.ని. ఆపరేషన్ అయినవారిలో గర్భం రావడం చాలా అరుదు, కానీ నెల తప్పాక నొప్పితో రక్తం పోతుంటే మూత్ర పరీక్ష తప్పనిసరి. అందుకే 45 దాటినవారికి ఇలా జరుగుతున్నప్పుడు స్కానింగ్‌తోపాటు గర్భసంచి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించమని వైద్యులు చెబుతారు. ఆ బయాప్సీకి భయపడి, ముందు మాత్రలు వాడి చూద్దామనుకోవడం తగదు. ప్రొజెస్టెరాన్ మాత్ర రక్తస్రావాన్ని తాత్కాలికంగా ఆపగలదు కాబట్టి, అడుగున ఉన్న జబ్బు మరికొన్ని నెలలు కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది.

వేరే జబ్బు లేదని తేలితే మాత్రం చికిత్స సూటిగానే ఉంటుంది. నోరెథిస్టెరాన్ గాని మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ గాని వైద్యుడు చెప్పిన రోజులపాటు వాడి ఆపితే పొర ఒకేసారి రాలి, ఆ తర్వాత నెలసరి కుదుటపడుతుంది. ముట్టు రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ హార్మోన్ కాదు, రక్తం పోయే మోతాదును తగ్గిస్తుంది. గతంలో కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారికి అది పనికిరాదు. కాపర్ టి లాగే గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనం మరో మార్గం. 52 మిల్లీగ్రాముల లెవోనోర్జెస్ట్రెల్ ఉన్న ఈ సాధనం ఏళ్ల తరబడి పనిచేస్తుంది, మొదటి మూడు నుంచి ఆరు నెలలు మచ్చలు కనిపించినా తర్వాత రక్తస్రావం బాగా తగ్గిపోతుంది. గర్భసంచి తీసేయడానికి ఒప్పుకునే ముందు దీని గురించి ఒకసారి అడగడం మంచిదని నా అభిప్రాయం.

పోయిన రక్తాన్ని తిరిగి తెచ్చుకోవడం కూడా చికిత్సలో భాగమే. రాగి సంగటి, పప్పు, ఆకుకూర మంచివే గాని రక్తం బాగా తగ్గినవారికి తిండి ఒక్కటే సరిపోదు, ఐరన్ మాత్రలు కావాలి. వాటిని టీతోగాని, కాల్షియం మాత్రతోగాని కలిపి వేసుకోకూడదు, హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా మూడు నెలలు కొనసాగించాలి.

ఆగిపోయి ఏడాది దాటాక మళ్ళీ కనిపించడం

ఒక్క చుక్క కనిపించినా, ఒక్కసారే కనిపించినా వైద్యులకు చూపించవలసిందే. చాలామందిలో లోపలి పొర పలచబడి ఎండిపోవడమే కారణమని తేలుతుంది, కొందరిలో మాత్రం గర్భసంచి క్యాన్సరో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరో బయటపడుతుంది. లోపలి నుంచి చేసే స్కానింగ్‌లో పొర మందం 4 మిల్లీమీటర్లు లేదా అంతకు తక్కువ ఉంటే చాలావరకు నిశ్చింత, అంతకు మించితే బయాప్సీ చేయాలి. రక్తం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే పొర పలచగా ఉన్నా బయాప్సీ అవసరమే. కర్నూలు పెద్దాసుపత్రి, కడప రిమ్స్, అనంతపురం సర్వజన ఆసుపత్రి, మూడింటిలోనూ స్త్రీల వైద్య విభాగాలు ఉన్నాయి. ఈ ఒక్క లక్షణానికి మందుల షాపులో అడిగి ప్రొజెస్టెరాన్ వాడడం అన్నిటికంటే ప్రమాదకరం.

రిపోర్టులో ప్రొజెస్టెరాన్ తక్కువని రావడం

పరీక్షల ప్యాకేజీలో భాగంగా చేయించుకున్న రిపోర్టులో ప్రొజెస్టెరాన్ అంకె పక్కన ఉండే కొలతలను నిదానంగా చదవండి. ఒకే హార్మోన్‌కు ముట్టు తర్వాతి రోజులకు ఒకటి, అండం విడుదలయ్యాక ఒకటి, ముట్లుడిగాక ఒకటి చొప్పున వేర్వేరు వరుసలు అచ్చువేసి ఉంటాయి. నెల మొదటి సగంలో ఎవరికైనా ఇది మిల్లీలీటరుకు 1 నానోగ్రాము లోపే ఉంటుంది. ముట్లుడిగాక తక్కువగా ఉండడం సహజం, దానిని పెంచి పాత స్థాయికి తేవలసిన అవసరం లేదు. అండం విడుదలైందో లేదో తెలుసుకోవాలంటే తర్వాతి ముట్టుకు సుమారు వారం ముందు ఈ పరీక్ష చేయాలి, నెలలు తప్పుతున్న ఈ వయసులో ఆ రోజేదో ముందుగా తెలియదు. 45 దాటినవారిలో లక్షణాలు, ముట్టు తేదీలు చూసి నిర్ధారిస్తే చాలు, హార్మోన్ పరీక్షలు ఇవాళ ఒక మాట, వచ్చే నెల ఇంకో మాట చెబుతాయి. ఆ డబ్బుతో హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకుంటే ఎక్కువ ఉపయోగం. నలభై ఏళ్లకు ముందే ముట్టు ఆగినవారి సంగతి వేరు. వారికి అండాశయాల పనితీరు తెలిపే ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోన్ పరీక్ష కావాలి, ముట్లుడిగే సహజ వయసు వచ్చేవరకు సాధారణంగా హార్మోన్ చికిత్స కూడా కావాలి.

ఉన్నట్టుండి సెగలు, చెమటలు

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండకు ఎవరికైనా చెమటలు పడతాయి. ముట్లుడిగే వయసులో వచ్చే సెగ తీరు వేరు: రొమ్ముల దగ్గర మొదలై మెడకూ ముఖానికీ ఎగబాకి, కొద్ది నిమిషాల్లో చెమటతో తగ్గిపోతుంది, ఆ వెంటనే చలి వేస్తుంది, డిసెంబరు రాత్రుల్లోనూ వస్తుంది. రాత్రి చెమటలతోపాటు సాయంత్రం జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం ఉంటే ముందు క్షయ పరీక్ష చేయించాలి. చేతులు వణుకుతూ ఆగని దడ ఉంటే థైరాయిడ్ చూడాలి.

సెగలకు అసలు కారణం ఈస్ట్రోజెన్ తగ్గడం, దానివల్ల మెదడులో ఒంటి వేడిని అదుపుచేసే కేంద్రం చిన్న మార్పుకే స్పందించడం. కాబట్టి అన్నిటికంటే బాగా పనిచేసేది ఈస్ట్రోజెనే. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే లోపలి పొర పెరిగి క్యాన్సర్ ముప్పు ఏర్పడుతుంది, అందుకని ప్రొజెస్టెరాన్ తోడు కావాలి. సాధారణంగా మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ (ఒంట్లో తయారయ్యే ప్రొజెస్టెరాన్‌నే మెత్తటి పొడిగా చేసి క్యాప్సూల్‌లో పెట్టినది) నెలకు 12 రోజులు 200 మిల్లీగ్రాములు, లేదా రోజూ 100 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. మొదటి పద్ధతిలో నెలసరి లాంటి రక్తస్రావం వస్తుంది. ఒంటికి రాసుకునే "సహజ ప్రొజెస్టెరాన్" క్రీములు గర్భసంచి పొరను కాపాడతాయని నమ్మి ఈ తోడు మానేయకూడదు, అవి ఆ పని చేయవు. అడవి దుంపల క్రీముల సంగతి మరీ విచిత్రం: వాటిలోని డయోస్జెనిన్‌ను ప్రయోగశాలలో ప్రొజెస్టెరాన్‌గా మార్చవచ్చు గాని మన ఒళ్లు మార్చలేదు.

2002లో అమెరికాలో వెలువడిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు చూసి చాలామంది ఈ చికిత్సకు జంకుతారు. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63, వాడినది గుర్రం మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్, దానితో మెడ్రాక్సీప్రొజెస్టెరాన్. పదివేలమంది ఏడాది వాడితే రొమ్ము క్యాన్సర్ కేసులు సుమారు 8 అదనంగా వచ్చాయి. అరవై ఏళ్లలోపు, ముట్లుడిగి పదేళ్లు దాటనివారికి సాధారణంగా లాభమే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, గుండెపోటు, రక్తం గడ్డకట్టడం, తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవారికి, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారికి ఇది ఇవ్వరు. అలాంటివారికి వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి హార్మోన్ కాని మందులు ఉన్నాయి.

నిద్ర పట్టకపోవడం, చిరాకు

సెగలవల్ల మెలకువ వస్తుంటే సెగలు తగ్గిస్తే నిద్ర వస్తుంది. అది కాక, మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ ఒంట్లో మారి మెదడుమీద మత్తుమందులా పనిచేస్తుంది, అందుకే దానిని పడుకునే ముందే వేసుకోమంటారు. నోరెథిస్టెరాన్, మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ వంటి కృత్రిమ రకాలకు ఈ గుణం లేకపోగా, కొందరిలో దిగులు పెంచుతాయి. దిగులు వారాల తరబడి వదలకపోతే దానిని హార్మోన్ల ఖాతాలో వేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కింద పొడిబారడం, కలయికలో నొప్పి, మూత్రంలో మంట

ప్రొజెస్టెరాన్ దీనికి పనిచేయదు. యోనిలో రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము పనిచేస్తుంది, దానికి సాధారణంగా ప్రొజెస్టెరాన్ తోడు అక్కరలేదు. మూత్రంలో మంటకు ముందు మూత్ర పరీక్ష చేయించాలి.

గర్భసంచి తీసేసినవారికి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. కాబట్టి మన జిల్లాల్లో ఇది అరుదైన సంగతి కాదు. వీరు డిశ్చార్జి కాగితం వెతికి చూసుకోవాలి. అందులో ఆపరేషన్ పేరు దగ్గర టి.ఎ.హెచ్. అని మాత్రమే ఉంటే అండాశయాలు మిగిలి ఉన్నట్టు; దాని పక్కన బి.ఎస్.ఓ. అని ఉంటే రెండు అండాశయాలనూ తీసేసినట్టు. అండాశయాలు ఉంటే హార్మోన్లు తయారవుతూనే ఉంటాయి, అయితే అవి కొంత ముందుగానే నిలిచిపోవచ్చు, ముట్టు లేదు కాబట్టి లక్షణాలే గుర్తు. రెండూ తీసేస్తే హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, ముప్పై, నలభై ఏళ్లకే ఎముకలు బలహీనపడడం మొదలవుతుంది. వీరికి కావలసింది ఈస్ట్రోజెన్, అదీ సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా. పొరే లేదు కాబట్టి ప్రొజెస్టెరాన్ సాధారణంగా అవసరం లేదు, ఎవరైనా రాస్తే ఎందుకని అడగాలి.

మందు మొదలుపెట్టాక

ఉదయం తల తిరుగుతుంటే క్యాప్సూల్ ఏ వేళ వేసుకుంటున్నారో చూడండి. తిండితో కలిపితే రక్తంలోకి ఎక్కువగా చేరి మత్తు పెరుగుతుంది, కాబట్టి భోజనానికీ దానికీ ఎడం ఉండాలి. కొన్ని కంపెనీల క్యాప్సూల్స్‌లో వేరుశెనగ నూనె వాడతారు. అనంతపురంలో చెనక్కాయలు తినని ఇల్లు ఉండదు గాని, అవి పడక దద్దుర్లు వచ్చేవారు డబ్బామీద రాసిన పదార్థాలు చదివించుకోవాలి. రొమ్ముల బరువు కొన్ని వారాల్లో తగ్గుతుంది. రోజూ వాడే పద్ధతిలో తొలి నెలల్లో మచ్చలు కనిపించడం మామూలే. ఆరు నెలలు దాటినా ఆగకపోయినా, ఆగి మళ్ళీ మొదలైనా మోతాదు మార్చుకోకుండా స్కానింగ్‌కు వెళ్లాలి, వెళ్లేటప్పుడు రాసి ఉంచుకున్న తేదీల క్యాలెండర్‌ను, మందు చీటీలను వెంట తీసుకెళ్లాలి.